ఓడలో ఒకడు: ప్రజాహితం పేరుతో నిరపరాధి ప్రాణం తీయవచ్చునా?

పదిమందిని కాపాడడానికి ఒకరి ప్రాణం తీయవచ్చునా అన్నది మానవజాతికి కొత్త ప్రశ్న కాదు. 1967లో ఫిలిప్పా ఫుట్ అనే ఆంగ్ల తత్త్వవేత్త అదుపు తప్పిన ట్రాము బండి ఉదాహరణను ముందుకు తెచ్చిన తరువాత పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో దీనిపై విస్తారమైన చర్చ జరిగింది. అయిదుగురు ఉన్న పట్టాల మీద నుంచి ఒక్కడే ఉన్న పట్టాల మీదికి బండిని మళ్లించవచ్చునా అన్నది అక్కడి సమస్య. ఆ రచనలు చదివినవారికి ఇది ఆధునిక యుగంలో పుట్టిన ఆలోచన అనిపించవచ్చు. కాని తొమ్మిది వందల ఏండ్ల క్రితమే ముస్లిం ధర్మవేత్తలు ఈ ప్రశ్నను ట్రాము బదులు ఓడను నిలిపి చర్చించారు. తుఫానులో చిక్కిన ఓడ, కరవులో చిక్కిన బాటసారులు, శత్రువు తన ముందు నిలబెట్టుకున్న బందీ - ఇవీ వారి ఉదాహరణలు. ఇవి వారికి కేవలం ఊహలు కావు. హజ్‌కు, వ్యాపారానికి, విద్యకు సముద్రం మీద వెళ్లినవారికి, సరిహద్దు కోటల్లో యుద్ధాలు చూసినవారికి అవి జీవితంలో ఎదురయ్యే సంఘటనలే.

ఈ చర్చలో గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. ప్రజాహితాన్ని, అనగా మస్లహత్‌ను, షరీఅత్ పరమార్థాలలో ఒకటిగా నిరూపించడానికి ఎవరు ఎక్కువ కృషి చేశారో వారే ఈ విషయంలో అందరికంటె గట్టిగా కట్టుదిట్టాలు చేశారు. అలా ఎందుకు చేశారో, ఆ కట్టుదిట్టాలను సడలిస్తే ఏమి జరుగుతుందో చరిత్రే చెబుతుంది.

హుదైబియా నేర్పిన పాఠం

ఈ చర్చకు మూలం హిజ్రీ 6వ సంవత్సరం (క్రీ.శ. 628) నాటి హుదైబియా సంఘటనలో ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) సుమారు 1400 మంది సహాబీలతో ఉమ్రా కొరకు మక్కా దిశగా బయలుదేరారు. ఖురైషులు దారి అడ్డగించారు. చివరకు యుద్ధం జరగలేదు, సంధి కుదిరింది. ఆ సంధి షరతులు చాలామంది సహాబీలకు మింగుడు పడలేదు. బలం ఉండి కూడా ఎందుకు వెనుదిరగాలన్న బాధ వారిది.

దానికి సమాధానం దివ్యఖుర్ఆన్‌లోని 'ఫతహ్' సూరా 25వ ఆయత్‌లో అవతరించింది. మక్కాలో విశ్వాసులైన పురుషులు, స్త్రీలు కొందరు ఉన్నారనీ, వారెవరో ముస్లిములకు తెలియదనీ, దాడి జరిగితే తెలియకుండానే వారిని తొక్కివేసి దోషం మూటగట్టుకునేవారనీ ఆ ఆయత్ భావం. వారు గనుక అవిశ్వాసుల నుంచి వేరుగా ఉండి ఉంటే విషయం మరోలా ఉండేదని కూడా అందులో ఉంది. పేరు తెలియని కొద్దిమంది నిరపరాధుల కొరకు ఒక సైన్యం ఆగిపోయిందన్న సత్యాన్ని తరువాతి తరాల ధర్మవేత్తలు మరచిపోలేదు.

అదే హుదైబియాలో జరిగిన మరొక సంఘటనను కొందరు దీనికి ఎదురుగా నిలబెడతారు. సంధి వ్రాస్తున్న వేళ ఖురైషుల ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్ కుమారుడు అబూ జందల్ (రజి) సంకెళ్లు ఈడ్చుకుంటూ వచ్చి ముస్లిముల మధ్య పడ్డారు. ఇస్లాం స్వీకరించినందుకు తండ్రే ఆయనను బంధించాడు. ఈ ఒక్కరిని విడిచిపెట్టమని ప్రవక్త (స) అడిగారు. సుహైల్ ఒప్పుకోలేదు. ఓర్పు వహించమనీ, అల్లాహ్ దారి చూపుతాడనీ చెప్పి ఆయనను తిరిగి పంపవలసి వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) ఈ దృశ్యాన్ని చూసి ఎంత కలత చెందారో హదీసు గ్రంథాలు చెబుతున్నాయి.

ఇది పదిమంది కొరకు ఒకరిని బలి ఇవ్వడం కాదా? కాదని వ్యాఖ్యాతలు వివరించారు. అక్కడ ఎవరూ ఆయన ప్రాణం తీయలేదు, తీయమని అప్పగించనూ లేదు. ఆయన వెళ్లింది తండ్రి చేతికి. తండ్రి కొడుకును చంపుతాడని ఎవరూ అనుకోలేదు. కష్టం నిజమే, కాని అది ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడంలో కలిగిన కష్టం. తరువాత అబూ జందల్ తప్పించుకుని సముద్ర తీరంలో అబూ బసీర్ (రజి) బృందంలో చేరారు. వారివల్ల తమ వ్యాపార బిడారులకు దారి లేకపోవడంతో ఖురైషులే వచ్చి వారిని మదీనాకు పిలిపించుకోమని వేడుకున్నారు. సంధి కొరకు ఒకరిని కష్టానికి వదలడం వేరు, నిరపరాధిని చంపడం వేరు అన్న తేడాను ఈ రెండు సంఘటనలూ పక్కపక్కనే చూపిస్తున్నాయి.

ఔజాయీ, మాలిక్, అబూ యూసుఫ్

రెండవ హిజ్రీ శతాబ్దంలో సరిహద్దు యుద్ధాలు ఈ సమస్యను మళ్లీ ముందుకు తెచ్చాయి. కోటలోని శత్రువులు ముస్లిం బందీలను గాని, పసిపిల్లలను గాని గోడ మీద నిలబెట్టి వారిని డాలుగా వాడుకుంటే బాణాలు వేయవచ్చునా? అరబీలో దీనికి 'తతర్రుస్' అని పేరు. 'తుర్స్' అంటే డాలు.

బైరూత్‌లో నివసించిన ఇమామ్ ఔజాయీ (మరణం హి. 157, క్రీ.శ. 774) బాణాలు ఆపివేయాలని చెప్పారు. ఆయన చూపిన ఆధారం హుదైబియా ఆయతే. మదీనా ఇమామ్ మాలిక్ (మరణం హి. 179, క్రీ.శ. 795) కూడా అదే దారిలో నడిచారు. ముస్లిం బందీలున్న శత్రువుల ఓడకు నిప్పు పెట్టవచ్చునా అని అడిగితే ఆయన అదే ఆయత్‌ను గుర్తుచేసి అంగీకరించలేదు.

ఇరాక్ ధర్మవేత్తల దృష్టి వేరు. ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా ఉన్న ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హి. 182, క్రీ.శ. 798) ఔజాయీ అభిప్రాయాలను ఖండిస్తూ ఒక గ్రంథమే వ్రాశారు. పిల్లలో, బందీలో లేని కోట ఉండదు గనుక ఆ కారణంగా ఆగిపోతే ఏ కోటతోనూ యుద్ధం చేయడం సాధ్యం కాదని ఆయన వాదన. తాయిఫ్ ముట్టడిలో మంజనీక్ (రాళ్లు విసిరే యంత్రం) వాడినట్లు వచ్చిన ఉల్లేఖనాన్ని ఆయన ఆధారంగా చూపారు. అయితే హనఫీలు కూడా తలుపు బార్లా తెరవలేదు. గురి శత్రువు మీదే ఉండాలి, డాలుగా నిలిచినవారి మీద ఉండరాదు అన్నది వారి షరతు. ఆ బందీ మరణాన్ని కోరుకోవడానికి ఎవరూ అనుమతి ఇవ్వలేదు. ఈ రెండు పక్షాలలో ఎవరూ ప్రాణాలను అంకెలుగా లెక్కపెట్టి తూచలేదు.

ఇమామ్ గజాలీ విధించిన మూడు షరతులు

సమస్యను శాస్త్రీయమైన చట్రంలో బిగించినవారు ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ). ఆయన తూస్‌లో హి. 450 (క్రీ.శ. 1058)లో జన్మించారు. బగ్దాద్ నిజామియా విద్యాలయంలో బోధించి, ఆ పదవిని వదలి, ఏండ్ల తరబడి ఏకాంత సాధనలో గడిపి, తిరిగి నైషాపూర్‌లో బోధన చేపట్టారు. హి. 503 (క్రీ.శ. 1109)లో, అనగా మరణానికి రెండేండ్ల ముందు, 'అల్ ముస్తస్ఫా' అనే ఉసూలె ఫిఖహ్ గ్రంథాన్ని పూర్తిచేశారు. షరీఅత్ ధర్మాన్ని, ప్రాణాన్ని, బుద్ధిని, వంశాన్ని, సంపదను - ఈ అయిదింటిని కాపాడుతుందన్న సుప్రసిద్ధ సూత్రీకరణ ఆ గ్రంథంలో ఉంది. మస్లహత్ గురించి వ్రాస్తూనే ఆయన తతర్రుస్ సమస్యను ఎత్తుకున్నారు.

ఆయన చూపిన సందర్భం ఇది. శత్రువులు కొందరు ముస్లిం బందీలను డాలుగా నిలబెట్టుకుని ముందుకు వస్తున్నారు. చేతులు ముడుచుకు కూర్చుంటే వారు దేశాన్ని ఆక్రమించి ముస్లిములందరినీ చంపుతారు. ఆపైన ఆ బందీలనూ చంపుతారు. ఎదుర్కొంటే ఏ పాపమూ ఎరుగని బందీ మన చేతిలో చనిపోతాడు. నిరపరాధిని ఇలా చంపడానికి షరీఅత్‌లో నిర్దిష్టమైన ఆధారం లేదని గజాలీ స్వయంగా అంగీకరించారు. అయినా మొత్తం సమాజం తుడిచిపెట్టుకుపోయే స్థితిలో దానికి అవకాశం ఉండవచ్చునన్నారు. అందుకు మూడు షరతులు విధించారు. అది 'జరూరీ' కావాలి: ప్రాణాధారమైన అవసరం కావాలి, సౌకర్యం కాదు. అది 'ఖత్ఈ' కావాలి: ఫలితం నిశ్చయంగా తెలిసి ఉండాలి, అనుమానం చాలదు. అది 'కుల్లీ' కావాలి: సమాజం మొత్తానికి సంబంధించింది కావాలి, ఏ కొద్దిమందికో కాదు.

ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా అనుమతి లేదని చూపడానికి ఆయన వెంటనే ఉదాహరణలు ఇచ్చారు. శత్రువు కోట లోపల ఒక ముస్లింను డాలుగా నిలబెట్టుకుంటే అతని మీదికి బాణం వేయరాదు. ఆ కోట చేజిక్కకపోయినా సమాజం నిలుస్తుంది. పైగా అది చేజిక్కుతుందన్న నిశ్చయమూ లేదు. కరవులో చిక్కిన ఒక బృందం చీట్లు వేసి ఒకరిని చంపి తినడానికి అనుమతి లేదు. ఇక ఓడ. ఒకరిని సముద్రంలో పడవేస్తే మిగిలినవారందరూ బతుకుతారు, లేకపోతే అందరూ మునిగిపోతారు. అప్పుడు కూడా పడవేయరాదని గజాలీ తీర్పు. ఓడలో ఉన్నవారు ఎందరైనా లెక్కకు అందే కొద్దిమందే. అంతేగాక ఎవరిని పడవేయాలో నిర్ణయించే మార్గం లేదు. చీట్లు వేయడం తప్ప మరో దారి లేదు, ఈ విషయంలో చీట్లకు ఆధారమే లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. సంఖ్యకు ఎన్నడూ విలువ లేదని గజాలీ అనలేదు. సమాజం మొత్తం నశించే స్థితిని ఆయన వేరుగా చూశారు. కాని పదిమంది, వందమంది అన్న లెక్క ఒక నిరపరాధి ప్రాణం మీద హక్కు ఇవ్వదని ఆయన తేల్చారు. ఆ ఒక్క మినహాయింపులో కూడా బందీ ఎలాగూ శత్రువు చేతిలో చనిపోతాడన్న సంగతి కలిసి ఉంది.

ఆయన మరో సూక్ష్మాన్ని కూడా చూపారు. కుళ్లిన చేతిని నరికి మనిషిని బతికించవచ్చు కదా, అలాగే ఒకరిని తీసివేసి సమాజాన్ని బతికించరాదా అని అడిగేవారు ఉంటారు. సమాజాన్ని శరీరంతో పోల్చడం అన్ని కాలాల్లోనూ పాలకులకు ఇష్టమైన ఉపమానం. గజాలీ ఈ పోలికను ఒప్పుకోలేదు. చేయి నరికేది ఆ మనిషి మేలుకే. బాధపడేదీ, బతికేదీ ఒకరే. ఓడలో మునిగేది ఒకరు, బతికేది ఇతరులు. ఈ రెండూ ఒకటి కావు.

చీట్ల వాదం

అయినా చీట్లు వేయడం న్యాయమే కదా అన్న వాదం అంతటితో పోలేదు. దానికి ఆధారంగా యూనుస్ ప్రవక్త (అ) వృత్తాంతాన్ని చూపినవారున్నారు. 'సాఫ్ఫాత్' సూరాలో యూనుస్ (అ) నిండిన ఓడలోనికి చేరారనీ, చీట్లలో ఓడిపోయారనీ ఉంది. ఉత్తర ఆఫ్రికా మాలికీ ధర్మవేత్తల్లో ప్రసిద్ధుడైన లఖ్మీ (మరణం హి. 478, క్రీ.శ. 1085) ఓడ మునిగే సమయంలో మనుషులను పడవేయడానికి అవకాశం ఇచ్చినట్లు మాలికీ గ్రంథాల్లో ప్రస్తావన ఉంది. ముస్లిమేతర పౌరుణ్ణి, అనగా జిమ్మీని, పడవేయడం గురించి ఆయన పేరుతో వచ్చిన మాటనైతే తరువాతి మాలికీలు ఒకరి తరువాత ఒకరు ఖండించారు. అది ధర్మవేత్తల ఏకాభిప్రాయాన్ని ఉల్లంఘించడమేనని కొందరు అన్నారు.

చీట్ల వాదానికి గట్టి సమాధానం చెప్పినవారు సెవిల్ నగరపు ఖాజీ అబూ బక్ర్ ఇబ్నుల్ అరబీ (మరణం హి. 543, క్రీ.శ. 1148). ఆయన బగ్దాద్‌లో గజాలీ వద్ద చదువుకున్నారు. ఓడ ప్రమాదం ఆయనకు పుస్తకాల్లో చదివిన విషయం కాదు. హి. 485 (క్రీ.శ. 1092)లో, ఇంకా ఇరవై ఏండ్లు నిండకుండానే, తండ్రితో కలిసి అందలూసియా విడిచి తూర్పు దేశాలకు బయలుదేరినప్పుడు ఉత్తర ఆఫ్రికాలోని బర్కా తీరం దగ్గర వారి ఓడ పగిలిపోయింది. కట్టుబట్టలు కూడా లేకుండా ఒడ్డున పడ్డారు. బనూ కఅబ్ తెగవారు ఆదుకున్నారు. ఆ దుస్థితిని ఆయనే తన రచనలో వర్ణించారు.

అటువంటి వ్యక్తి ఖుర్ఆన్ ఆదేశాలపై వ్రాసిన గ్రంథంలో తీర్పు చెప్పారు: మనిషిని సముద్రంలో పడవేయడానికి చీట్లు వేయడం ధర్మసమ్మతం కాదు. యూనుస్ (అ) విషయం ఒక ప్రవక్తకు సంబంధించిన ప్రత్యేక ఘటన, దైవ నిదర్శనం. అది ఇతరులకు చట్టం కాదు. బరువు తగ్గించాలంటే సరుకు పడవేయాలి. కొందరు మనుషులను పడవేసినంత మాత్రాన ఓడ తేలిక కాదు. ఆ పైన దైవ నిర్ణయానికి ఓర్పు వహించాలి. ఒక శతాబ్దం తరువాత ఖుర్తుబీ (మరణం హి. 671, క్రీ.శ. 1273) తన తఫ్సీర్‌లో ఈ మాటలను చేర్చడంతో ఇవి ముస్లిం ప్రపంచమంతటా వ్యాపించాయి.

ముందు సరుకు

'సుల్తానుల్ ఉలమా' అని పేరొందిన ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (మరణం హి. 660, క్రీ.శ. 1262) షరీఅత్ అంతా మేలును సాధించడం, కీడును తొలగించడం అన్న సూత్రం మీద నిలిచి ఉందని నిరూపిస్తూ గ్రంథం వ్రాసినవారు. లాభనష్టాల తూకాన్ని ఇంత విస్తారంగా చర్చించినవారు అరుదు. ఆయన కూడా ఓడ దగ్గరకు వచ్చేసరికి ఆగారు. పైగా ఉదాహరణను ఇంకా కఠినం చేశారు. ప్రయాణికుల్లో సగం మందిని ముంచితే తప్ప మిగిలిన సగం బతకరని నిశ్చయంగా తెలిసినా, చీట్లతో గాని చీట్లు లేకుండా గాని ఎవరినీ పడవేయరాదన్నారు. ప్రాణరక్షణ హక్కులో అందరూ సమానులన్నది ఆయన చూపిన కారణం. ఒకరిని అన్యాయంగా చంపడం మానవులందరినీ చంపినట్లే అన్న దివ్యఖుర్ఆన్ బోధ ('మాయిదా' సూరా, 32) వెలుగులో చూస్తే ఈ కారణం ఇంకా స్పష్టమవుతుంది. ఒక్క ప్రాణమే సమస్త ప్రాణాలకు సమానమైనప్పుడు ఒకటి కంటె పది పెద్దది అన్న లెక్కకు చోటు లేదు.

అయితే ఆయన ప్రయాణికులను చేతులు కట్టుకు కూర్చోమనలేదు. ఓడలో సరుకు ఉంటే దానిని పడవేయడం వాజిబ్. అది చాలకపోతే పశువులను పడవేయాలి. సంపద ఎంత విలువైనదైనా మనిషి ప్రాణం ముందు అది చిన్నదే. షాఫయీ ధర్మవేత్తలు దీనిని ఇంకా వివరించారు. నీ సరుకు పడవేయి, నష్టం నేను భరిస్తాను అని అన్నవాడు ఆ నష్టాన్ని చెల్లించాలి. బానిసలను పడవేసి స్వతంత్రులను కాపాడుకోవడం కూడా చెల్లదని వారు స్పష్టంగా వ్రాశారు. ఆ కాలంలో బానిసత్వం ఉండేది. బానిసను కొనడం, అమ్మడం చట్టం ఒప్పుకునేది. కాని మునిగిపోయే ఓడలో అతడు సరుకు లెక్కలోకి రాడు, మనుషుల లెక్కలోకే వస్తాడు.

ఇజ్జుద్దీన్ ఈ సూత్రాన్ని పుస్తకంలోనే వదలలేదు. మంగోలులు బగ్దాద్‌ను నాశనం చేసి సిరియా వైపు వస్తున్నప్పుడు, హి. 657 (క్రీ.శ. 1259)లో, యుద్ధఖర్చుకు ప్రజల వద్ద సొమ్ము వసూలు చేయవచ్చునా అని ఈజిప్టులో కుతుజ్ ఆధ్వర్యంలో సభ జరిగింది. అంతకంటె పెద్ద అవసరం ఏముంటుంది? ఇజ్జుద్దీన్ అనుమతి ఇచ్చారు, కాని ఒక క్రమం విధించారు. ముందు బైతుల్‌మాల్ ఖాళీ కావాలి. అమీర్లు తమ బంగారు నడికట్లు, విలువైన వస్తువులు అమ్మి, తలా ఒక గుర్రం, ఆయుధాలు మాత్రం ఉంచుకుని సామాన్యులతో సమానం కావాలి. ఆ తరువాతే ప్రజల సొమ్ము మీద చేయి వేయాలి. మరుసటి ఏడు అయిన్ జాలూత్‌లో మంగోలులు ఓడిపోయారు. అవసరం అన్న మాట ఎవరి నోట వచ్చినా, మొదటి త్యాగం బలహీనుడిది కారాదన్న న్యాయమే ఓడ విషయంలోనూ, ఈ సభలోనూ కనిపిస్తుంది.

బెదిరించినవాడు, బెదిరినవాడు

ఇదే సూత్రం 'ఇక్రాహ్' అనగా బలవంతపు అధ్యాయంలోనూ ఉంది. ఫలానా వాడిని చంపు, లేకపోతే నిన్ను చంపుతానని ఎవరైనా బెదిరిస్తే ఏమి చేయాలి? ప్రాణభయంతో నోటితో అవిశ్వాసపు మాట పలకడానికి కూడా షరీఅత్ మినహాయింపు ఇచ్చింది. కాని ఇతరుణ్ణి చంపడానికి ఇవ్వలేదు. తన ప్రాణం ఎదుటివాడి ప్రాణం కంటె విలువైనదని ఎవరూ చెప్పజాలరు. దీనిపై ధర్మవేత్తలందరూ ఏకీభవించారు. శిక్ష ఎవరికి అన్నదాంట్లో మాత్రం భేదాలున్నాయి. బెదిరించినవాడికే ఖిసాస్ అని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), చంపినవాడికే అని ఆయన శిష్యుడు జుఫర్, ఇద్దరిలో ఎవరికీ ఖిసాస్ లేదని అబూ యూసుఫ్ అభిప్రాయపడ్డారు. శిక్ష పడకపోయినా పాపం పోదని హనఫీలు జోడించారు.

తన ప్రాణాన్ని తాను ఇవ్వడం వేరు. యర్మూక్ యుద్ధంలో గాయపడి దాహంతో ఉన్న యోధులు నీళ్లు అందించగా ఒకరు మరొకరికి ఇవ్వమని సైగ చేస్తూ చివరకు అందరూ మరణించారన్న కథనం చరిత్ర గ్రంథాల్లో ఉంది. ఇది 'ఈసార్', తనకంటె ఇతరులను ముందు ఉంచుకోవడం. ఆ త్యాగం చేసే హక్కు ఎవరి ప్రాణం మీద వారికే ఉంది. ఇతరుల ప్రాణాన్ని త్యాగం చేసి దానికి ఈసార్ అని పేరు పెట్టడం కుదరదు.

రెండు ఓడల కథ

ధర్మవేత్తలు ఊహించిన పరిస్థితులు తరువాత చరిత్రలో నిజంగానే సంభవించాయి. 1781 నవంబరులో లివర్‌పూల్ వర్తకులకు చెందిన 'జాంగ్' అనే ఓడ ఆఫ్రికా బానిసలను కిక్కిరిసి నింపుకుని జమైకా వైపు వెళుతోంది. నీళ్లు చాలవన్న నెపంతో నావికులు సుమారు 130 మందిని బతికుండగానే సముద్రంలోకి విసిరారు. యజమానులు పోయిన సరుకుకు పరిహారం ఇవ్వమని బీమాదారుల మీద దావా వేశారు. మొదటి విచారణలో జ్యూరీ వారికి అనుకూలంగానే తీర్పు ఇచ్చింది. గుర్రాలను పడవేయడానికి, ఈ మనుషులను పడవేయడానికి తేడా లేదన్నట్లు ఆ వ్యవహారం సాగింది. 1783లో పై న్యాయస్థానం కేసును తిరిగి విచారించాలన్నా, ఆ హత్యలకు ఎవరూ శిక్ష అనుభవించలేదు. ఒక మనిషిని సరుకుల జాబితాలో చేర్చిన తరువాత 'ముందు సరుకు పడవేయండి' అన్న న్యాయమే అతని పాలిట మృత్యువు అవుతుంది. బానిసను మనుషుల వరుసలోనే ఉంచిన ఆ పాత ఫత్వా విలువ ఇక్కడ తెలుస్తుంది.

రెండవది 1884 నాటిది. ఇంగ్లండు నుంచి సిడ్నీకి వెళుతున్న 'మిన్యోనెట్' అనే చిన్న ఓడ జూలై 5న దక్షిణ అట్లాంటిక్‌లో మునిగింది. కెప్టెన్ డడ్లీ, స్టీఫెన్స్, బ్రూక్స్, పదిహేడేండ్ల కుర్రవాడు రిచర్డ్ పార్కర్ చిన్న పడవలోకి చేరారు. తాగడానికి నీళ్లు లేవు. తినడానికి రెండు డబ్బాల దుంపలు మాత్రం ఉన్నాయి. సుమారు ఇరవై రోజులకు, జబ్బుపడిన కుర్రవాణ్ణి డడ్లీ, స్టీఫెన్స్ కలిసి చంపారు, ముగ్గురూ తిన్నారు. కొద్ది రోజులకే ఒక జర్మన్ ఓడ వారిని రక్షించింది. తమకు భార్యాబిడ్డలున్నారు, కుర్రవాడు ఎలాగూ చనిపోయేవాడు అన్నది వారి వాదన. డిసెంబరు 9న ప్రధాన న్యాయమూర్తి లార్డ్ కోల్‌రిడ్జ్ అది హత్యేనని తీర్పు చెప్పారు. ఎవరి ప్రాణం విలువైనదో ఏ కొలబద్దతో కొలవాలి, ఎవరు కొలవాలి అని ఆయన ప్రశ్నించారు. మరణశిక్షను తరువాత ఆరు నెలల జైలుగా తగ్గించారు. గజాలీ కరవు బృందం గురించి చెప్పిన 775 ఏండ్లకు ఒక ఆంగ్ల న్యాయస్థానం అదే నిర్ణయానికి వచ్చింది. బలైనవాడు ఆ నలుగురిలో అందరికంటె చిన్నవాడు, అనాథ, రోగి అన్న సంగతి గమనించదగింది. ఆపద్ధర్మం అన్నప్పుడు వేలు ఎటు చూపుతుందో ఇది తెలుపుతుంది.

మన దేశపు చట్టంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 81వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది. తన తప్పు లేకుండానే ఇరవై ముప్పై మంది ఉన్న పడవను ఢీకొనబోతున్న ఓడ కెప్టెన్ దారి మళ్లిస్తే, ఇద్దరే ఉన్న మరో పడవకు ప్రమాదం కలగవచ్చు. దాన్ని తప్పించుకుపోయే అవకాశమూ ఉంది. ఆ ఇద్దరికి హాని చేసే ఉద్దేశం లేకుండా, సద్బుద్ధితో మళ్లిస్తే అతడు దోషి కాడు. కాని 94వ సెక్షన్ ప్రకారం ప్రాణభయంతో చేసినా హత్యకు క్షమ లేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ రెండు సూత్రాలు నిలిచాయి. గురి శత్రువు మీదే ఉండాలన్న హనఫీల షరతుకు, ఉద్దేశం ఉండరాదన్న ఈ మాటకు ఉన్న సామ్యం చదువరులకు తోచకపోదు.

మినహాయింపు నియమమైతే

20వ శతాబ్దం చివరి దశకాల నుంచి కొన్ని సాయుధ ముఠాలు బజారుల్లో, బస్సుల్లో, చివరకు మస్జిదుల దగ్గర సైతం బాంబులు పేల్చి, చనిపోయిన సామాన్యుల విషయంలో 'తతర్రుస్' అన్న పాత మాటను సాకుగా తెచ్చుకున్నాయి. గజాలీ షరతులతో ఈ పనులను పోల్చి చూడాలి. బజారులో కూరగాయలు కొనేవాడు ఎవరి చేతిలోనూ డాలు కాదు. బాంబు పేలకపోతే సమాజం మొత్తం నశిస్తుందన్న నిశ్చయం లేదు. ఏ మేలు కలుగుతుందో పేల్చినవాడికే తెలియదు. మూడు షరతుల్లో ఒక్కటీ నెరవేరలేదు. మినహాయింపును పట్టుకుని దాని కట్టుబాట్లను పారవేయడం ధర్మశాస్త్రాన్ని అనుసరించడం కాదు. అనేకమంది ఉలమా ఈ విషయాన్ని స్పష్టంగా ప్రకటించారు.

ఈ దోషం ఒక్క పక్షానిదే కాదు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలను దహించినవారు ఎక్కువ ప్రాణాలు కాపాడామని చెప్పుకున్నారు. అమెరికా యుద్ధమంత్రిగా పనిచేసిన స్టిమ్సన్ 1947లో ఆ లెక్కనే వివరిస్తూ వ్యాసం వ్రాశారు. కాపాడామన్న ప్రాణాలు ఊహలోనివి. తీసిన ప్రాణాలు మాత్రం నిజమైనవి. ఫలితం నిశ్చయంగా తెలియాలన్న షరతు ఎందుకు పెట్టారో ఇటువంటి లెక్కలు చూసినప్పుడు అర్థమవుతుంది.

ప్రజాహితం షరీఅత్‌కు పరాయిది కాదు. దానిని కాపాడడానికే ధర్మవేత్తలు జీవితాలు ధారపోశారు. కాని ఆ ప్రజలలో ఓడలో ఉన్న ఆ ఒక్కడూ ఉన్నాడని వారు మరువలేదు. అతణ్ణి తీసివేసి మిగిలినవారి మేలు లెక్కించడానికి వారు అంగీకరించలేదు. తుఫాను వచ్చినప్పుడు సరుకు విసరండి, పశువులను విసరండి, నష్టాన్ని పంచుకోండి, ధనికుడి నుంచి మొదలుపెట్టండి అని వారు ఆదేశించారు. మనిషి వంతు వచ్చేసరికి చేతులు వెనక్కి తీసుకోమన్నారు. మక్కాలోని పేరు తెలియని విశ్వాసుల కొరకు హుదైబియా వద్ద ఆగిన సైన్యం నుంచి వారు నేర్చుకున్న పాఠం ఇదే.